ఉగాది ముందు ఒక్క రాత్రి గడ్డకట్టే చలి: బోటు ఇంజన్‌కి ఏది మేలు?

మార్చి మధ్యలో ఒక ఆదివారం ఎండ 75 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా కాసింది. ఆగలేక మా నలుగురి ఉమ్మడి బోటుని బయటికి తీసి, అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని లేక్ లానియర్‌లో రెండు గంటలు తిప్పి, ట్రైలర్ మీద మళ్లీ ఇంటికి తెచ్చి పెట్టాం. పది రోజులు తిరక్కుండానే ఫోన్‌లో హెచ్చరిక వచ్చింది: గురువారం తెల్లవారుజామున 24 డిగ్రీలు. మన లెక్కలో సున్నాకి నాలుగు డిగ్రీల సెల్సియస్ పైచిలుకు కిందన్నమాట. ఇక్కడ నేను చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనకి చిన్నప్పటి నుంచి నమ్మకం. జార్జియా చలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇక్కడి పాతవాళ్లయితే డాగ్‌వుడ్ చెట్లు పూసే వేళ వచ్చే చలికి డాగ్‌వుడ్ వింటర్ అని, ఆ తర్వాత బ్లాక్‌బెరీ పూతకొచ్చినప్పుడు పడేదానికి బ్లాక్‌బెరీ వింటర్ అని పేర్లు కూడా పెట్టేసుకున్నారు. 2007లో మార్చి నెలంతా వేసవిలా గడిచి, ఏప్రిల్ మొదటి వారంలో, సరిగ్గా ఈస్టర్ రోజుల్లో, ఆగ్నేయ రాష్ట్రాల్లో గడ్డకట్టే చలి పడింది. పీచ్ తోటలూ గోధుమ చేలూ బాగా దెబ్బతిన్నాయి.

అసలు చలికాలంలో ఈ భయం తక్కువ. నవంబరులోనే అందరూ ఇంజన్‌లో నీళ్లు తీసేసి వింటరైజ్ చేసి పెడతారు. మార్చిలో మనమే వెళ్లి మళ్లీ నీళ్లు నింపుకుంటాం. స్టెర్న్‌డ్రైవ్ బోట్లలో (ఇంజన్ లోపల, ప్రొపెల్లర్ తిప్పే డ్రైవ్ వెనక బయట ఉండేవి) చాలావాటికి కారుకున్నట్టు రేడియేటర్ ఉండదు. ఇంజన్ చెరువు నీళ్లనే పీల్చి, ఇనుప బ్లాకులోనూ, పొగ బయటికి పంపే ఎగ్జాస్ట్ మానిఫోల్డుల్లోనూ తిప్పి, వెనక నుంచి వదిలేస్తుంది. ఇంజన్ ఆపాక అందులో కొన్ని గ్యాలన్ల నీళ్లు అలాగే నిలిచి ఉంటాయి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం పెరుగుతుంది. నిండా నీళ్లు పోసిన గాజు సీసాని ఫ్రీజర్‌లో మరిచిపోయిన అనుభవం ఉన్నవాళ్లకి పోత ఇనుము సంగతి వేరే చెప్పక్కర్లేదు.

బోటు వెనక బయట బిగించే అవుట్‌బోర్డ్ ఇంజన్ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. దాన్ని నిలువుగా కిందికి దించి ఉంచితే నీళ్లు వాటంతటవే కారిపోతాయి. గేర్ ఆయిల్ పాలరంగులో కనిపిస్తే మాత్రం లోపలికి నీళ్లు చేరాయని అర్థం, అది చూసుకోవాలి. మిగతా గొడవంతా మాలాంటి స్టెర్న్‌డ్రైవ్ వాళ్లది, ఇంజన్ బోటు లోపలే ఉండే ఇన్‌బోర్డ్ వాళ్లది.

హెచ్చరిక రాగానే మా వాట్సాప్ గ్రూపులో నాలుగు సలహాలు వచ్చాయి. మా బావ అన్నాడు: "ఒక్క రాత్రికి ఇంత టెన్షన్ ఎందుకురా? మంచి దుప్పటి ఒకటి కప్పి, పైన టార్ప్ కట్టేస్తే పోలా?" దుప్పటి మనకి వెచ్చగా ఉంటుంది, ఎందుకంటే వేడి పుట్టించేది మన ఒళ్లు. చల్లబడ్డ ఇంజన్ వేడి పుట్టించదు. టార్ప్‌ని నేల దాకా దించి కడితే నేల వేడి కొంత లోపల నిలుస్తుంది, గాలి తగలదు, అంతే. తెల్లవారుజామున ఓ గంటసేపు 30 డిగ్రీలకి దిగి మళ్లీ లేచే రాత్రయితే అది చాలు. ఆ మాటకొస్తే అలాంటి రాత్రి ఏమీ చేయకపోయినా ఫరవాలేదు, వందల కిలోల ఇనుము అంత తొందరగా చల్లబడదు. నా వరకు నేను పెట్టుకున్న గీత 28 డిగ్రీలు. దాని కింద నాలుగు గంటలు ఉంటుందంటే లేచి కదులుతాను. ఫోన్‌లో "ఫీల్స్ లైక్ 17" అని చూసి కంగారు పడేవాళ్లకి ఒక మాట: గాలి వీస్తే ఇంజన్ త్వరగా చల్లబడుతుంది గానీ, బయటి ఉష్ణోగ్రత కంటే కిందికి పోదు.

పడుకోబోయే ముందు ఇంజన్‌ని గంటసేపు నడిపి వేడెక్కించి వదిలేయడం ఇంకొకరి సలహా. ఆ వేడి అర్ధరాత్రి దాటేదాకా ఉంటుందేమో. అసలు చలి పడేది తెల్లవారుజామున. ఈ పద్ధతి నమ్ముకుంటే మూడింటికి అలారం పెట్టుకుని మళ్లీ లేవాలి.

కాబట్టి నిజంగా తూచి చూడాల్సినవి మూడే: నీళ్లు పూర్తిగా తీసేయడం, గడ్డకట్టకుండా ఆపే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోయడం, ఇంజన్ గదిలో హీటర్ పెట్టడం. నాలుగోది ఒకటుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

యాంటీఫ్రీజ్ చాలామందికి నచ్చడానికి కారణం అది చూడటానికి తేలిగ్గా ఉండటం. బకెట్‌లో పోసి, కింది డ్రైవ్‌కి నీళ్లు పీల్చే కన్నాలని కప్పే రబ్బరు మఫ్స్ తగిలించి, ఇంజన్ స్టార్ట్ చేస్తే అదే పీల్చుకుంటుంది. వెనక నుంచి గులాబీ రంగు రాగానే పనైపోయిందనుకుంటారు. ఇక్కడే మోసం. ఇంజన్ చల్లగా ఉంటే, వేడెక్కితేనే తెరుచుకునే థర్మోస్టాట్ వాల్వు మూసుకునే ఉంటుంది. పీల్చుకున్న మందు చాలావరకు బ్లాకులోకి పోకుండా పక్కదారిన మానిఫోల్డుల్లోంచి బయటికి వచ్చేస్తుంది. బ్లాకులో చెరువు నీళ్లు అలాగే ఉంటాయి, మనం చూసేదేమో గులాబీ రంగు. ఒకవేళ లోపలికి వెళ్లినా, ఉన్న నీళ్లతో కలిసి పలచబడుతుంది. డబ్బా మీద మైనస్ 50 అని రాసి ఉంటుంది కదా, అది పైపులు పగలకుండా కాపాడే హద్దు. గడ్డకట్టడం మొదలయ్యే హద్దు అది కాదు, అంతకంటే చాలా పైనే ముద్దముద్దగా మారడం మొదలవుతుంది. నీళ్లు కలిస్తే ఆ ధీమా ఇంకా తగ్గుతుంది. సరిగ్గా చేయాలంటే ముందు నీళ్లన్నీ తీసేసి, ఆ తర్వాత పై గొట్టాల్లోంచి యాంటీఫ్రీజ్ నింపాలి. ఒక వీ8 ఇంజన్‌కి అయిదారు గ్యాలన్లు పడుతుంది. అయిదారు నెలలు కదలకుండా ఉండే బోటుకైతే ఇది మంచిదే, లోపల తుప్పు తగ్గుతుంది. ఒక్క రాత్రి కోసమైతే, మొదటి సగం పని చేసినప్పుడే గండం గడిచిపోయింది కదా, రెండో సగం దేనికి? పైగా మళ్లీ స్టార్ట్ చేసిన రోజు ఆ గులాబీ నీళ్లని చెరువులోకి వదలకుండా బకెట్లలో పట్టుకోవడం ఇంకో పని. కారులో పోసే ఇథిలీన్ గ్లైకాల్ రకాన్ని మాత్రం వీటిలో అస్సలు వాడొద్దు, అది విషం.

హీటర్ అంటే నాకు మొదట్నుంచీ అనుమానమే. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున బిల్జ్‌లో చేరి కూర్చుంటుంది. అలాంటి చోట గదిలో పెట్టుకునే హీటర్ పెడితే, దాని స్విచ్‌లో పుట్టే ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంజన్ గదుల కోసమే, రవ్వ బయటికి రాకుండా తయారుచేసిన హీటర్లు దొరుకుతాయి. పెడితే అవే పెట్టాలి. ఇంజన్ పక్కన వంద వాట్ల బల్బు వేలాడదీయడం పాత చిట్కా. అందులోనూ ఆ ప్రమాదం ఉండనే ఉంది, పైగా ఇప్పుడు అలాంటి బల్బులు దొరకవు. 2023 ఆగస్టు నుంచి అమెరికాలో ఫిలమెంట్ బల్బుల అమ్మకం దాదాపు ఆగిపోయింది. ఇంట్లో ఉన్న ఎల్ఈడీ బల్బు పెడితే ఇంజన్‌కి వెలుతురు వస్తుంది గానీ వెచ్చదనం రాదు. నవ్వకండి, మా గుంపులోనే ఒకాయన రెండేళ్ల కిందట పెట్టాడు.

సరైన హీటరే కొన్నా అసలు చిక్కు కరెంటు. చలి ముదిరిన రాత్రే తీగలు తెగుతాయి, బ్రేకర్ పడిపోతుంది, ఎక్స్‌టెన్షన్ వైరు తడుస్తుంది. 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో 45 లక్షల దాకా ఇళ్లకీ వ్యాపారాలకీ కరెంటు పోయిన సంగతి డాలస్‌లో మీ చుట్టాలుంటే వాళ్లనడగండి, ఇంకా కథలుగా చెబుతారు. ఆ రాత్రి హీటర్‌ని నమ్ముకున్న బోటూ ఏ ఆసరా లేని బోటూ ఒకటే. అయినా హీటర్‌ని పూర్తిగా తీసిపారేయలేను. వెనక పెద్ద అలలు లేపే వేక్‌బోట్ల సంగతి వేరు. వాటిలో బరువు కోసం నీళ్లు నింపే బ్యాలస్ట్ పంపులు, షవర్ గొట్టం, కాళ్ల దగ్గర వెచ్చదనం కోసం పెట్టిన హీటర్ కోర్ ఇలా నీళ్లు నిలిచే మూలలు బోలెడు. ఒక్క సాయంత్రంలో అన్నీ ఖాళీ చేయడం అలవాటు లేనివాళ్ల వల్ల కాదు. అలాంటి బోటుకి ముందుజాగ్రత్తగా ఇంజన్ గది హీటర్ బిగించి ఉంచుకోవడం తెలివైన పనే. అప్పుడు కూడా బ్లాకు నీళ్లు తీసేసి, మిగతా మూలల కోసమే హీటర్‌ని నమ్ముకోవాలి.

ఇక నీళ్లు తీసేయడం. ట్రైలర్ మీదున్న బోటుకి నా ఓటు దీనికే. బోటు ముక్కు కాస్త పైకెత్తి, డ్రైవ్ కిందికి దించి, బ్లాకుకి రెండు పక్కలా, మానిఫోల్డులకి, కింది గొట్టానికి ఉన్న ప్లగ్గులు విప్పాలి. ఎన్ని, ఎక్కడ అన్నది ఇంజన్‌ని బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఆ పేజీ ముందే ఫోటో తీసి పెట్టుకోండి. కొన్ని మెర్‌క్రూజర్ ఇంజన్లకి చిన్న చేతిపంపుతో గాలి కొడితే డ్రెయిన్లన్నీ ఒకేసారి తెరుచుకునే ఏర్పాటు ఉంటుంది. మా పాత ఇంజన్‌కి ఆ భోగం లేదు. ఎడమ పక్క ప్లగ్ తీస్తే నీళ్లు ధార కట్టాయి. కుడి పక్కది తీస్తే నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది. ఖాళీ అయిపోయిందనుకుని లేవబోయాను. ఎందుకో అనుమానమొచ్చి, కన్నంలో సన్న తీగ పెట్టి కెలికితే తుప్పు ముద్ద ఊడిపడి, ఆ వెనక ఒక బకెట్ నీళ్లు మోచేతి మీదుగా కారాయి. ప్లగ్ తీయగానే పని అయిపోయినట్టు కాదు, నీళ్లు రావడం కళ్లతో చూడాలి. మొత్తం నలభై నిమిషాలు పట్టింది, ఒక్క డాలరు ఖర్చు కాలేదు. పగిలిన బ్లాకు మార్చాలంటే వేలల్లో. చాలా ఇన్సూరెన్స్ పాలసీలు చలికి పగిలిన ఇంజన్‌కి డబ్బివ్వవు. ఇవ్వాలంటే ప్రత్యేకంగా కవరేజీ కొని ఉండాలి, లేదా మెకానిక్ చేత చేయించినట్టు రసీదు చూపించాలి. మీ పాలసీ కాగితం చలి రాకముందే చదివి పెట్టుకోండి.

ఇప్పుడు నాలుగోది. బోటు రేవులో నీళ్ల మీదే ఉంటే? అప్పుడు దాన్ని అక్కడే ఉంచడం మేలు. మార్చి చివర్లో లానియర్ నీళ్లు 50 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. అంత పెద్ద చెరువు ఒక్క రాత్రిలో చల్లారదు, బోటు అడుగుని అదే వెచ్చగా ఉంచుతుంది. లిఫ్ట్ మీద గాల్లో వేలాడే బోటుకి ఆ రక్షణ లేదు, దాన్ని నీళ్లలోకి దించండి. దించేముందు అడుగు ప్లగ్ బిగించి ఉందో లేదో చూడండి, బ్యాటరీ, బిల్జ్ పంపు పనిచేస్తున్నాయో చూడండి. నీళ్ల మీదుండగా బ్లాకు ప్లగ్గులు విప్పడం మాత్రం తెలియనివాళ్లు చేయొద్దు. నీళ్లు లోపలికి వచ్చే దారికి సీకాక్ అనే వాల్వు ఉంటే మూయాలి, లేకపోతే నీళ్లు పీల్చే గొట్టాన్ని విప్పి బిరడా పెట్టాలి. ఇవి చేయకుండా విప్పితే చెరువు నీళ్లు వెనక్కి వచ్చి లోపలే నిండుతాయి. ఇంజన్ చలికి పగలకుండా కాపాడబోయి బోటునే ముంచుకున్నట్టు అవుతుంది.

గురువారం ఉదయం ఆరింటికి కారు అద్దం మీద మంచు గీకుతుంటే బావ మెసేజ్ పెట్టాడు, "ఒకసారి స్టార్ట్ చేసి చూడకూడదా?" అని. వద్దన్నాను. పంపులో ఎక్కడైనా మంచు ముక్క మిగిలితే రబ్బరు ఇంపెల్లర్ రెక్కలు తెగిపోతాయి. ఎండ పడి అంతా కరిగేదాకా తాళం తిప్పకూడదు. ఈలోగా విప్పిన ప్లగ్గులు అయిదూ ఒక దారానికి గుచ్చి స్టీరింగ్‌కి కట్టాను, బిగించకుండా ఎవరూ బోటు దించకుండా. ఆ దారం మా ఆవిడ ఉగాది తోరణానికని తెచ్చింది. పండగలోపు తిరిగివ్వమంది గానీ, వచ్చే మంగళవారం మళ్లీ 27 అంటున్నారు.