సన్న తూనీగల కోసం పెంటాక్స్ పాపిలియో: చెరువు గట్టుకి సరే, పక్షులకి కాదు

నేను వాడుతున్నది పెంటాక్స్ పాపిలియో 2 అనే బైనాక్యులర్, అందులో 6.5x21 మోడల్, అంటే 6.5 రెట్లు పెద్దగా చూపించేది, ముందు లెన్సు వెడల్పు 21 మిల్లీమీటర్లు. ముందే చెప్పేస్తున్నా, పక్షుల కోసం బైనాక్యులర్ వెతుకుతున్నవాళ్లు ఇక్కడితో ఆగిపోవచ్చు. ఎండాకాలం మొదలవగానే కుంటల వెంట తిరుగుతూ డామ్సెల్‌ఫ్లైలు, అంటే పుల్లల్లా సన్నగా ఉండి వాలినప్పుడు చాలావరకు రెక్కలు వీపు మీద మూసుకునే ఆ చిన్న తూనీగలు, వాటిని చూసి రాసిపెట్టుకునే పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం చదవండి.

దీని గొప్పతనమంతా ఒక్క అంకెలో ఉంది: 50 సెంటీమీటర్లు. అంత దగ్గర ఉన్నదాన్ని కూడా ఫోకస్ చేస్తుంది. మామూలు బైనాక్యులర్లు చాలావరకు రెండు మీటర్ల లోపలికి వస్తే చేతులెత్తేస్తాయి, ఒకవేళ ఫోకస్ అయినా రెండు కళ్లకీ రెండు బొమ్మలు కనబడి చిరాకు పుడుతుంది. ఇందులో దగ్గరికి ఫోకస్ చేస్తున్నకొద్దీ ముందు లెన్సులు రెండూ లోపల ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, ముక్కు ముందు వేలు పెట్టుకుని చూస్తే మన నల్లగుడ్లు లోపలికి తిరిగినట్టే. అందుకే రెండు కళ్లకీ కలిపి ఒకటే బొమ్మ కనబడుతుంది.

తుంగ పుల్ల మీద వాలినదాన్ని దీంతో చూస్తే, తలకి ఆ చివర ఒకటీ ఈ చివర ఒకటీ దూరదూరంగా ఉన్న కళ్లు, కాళ్ల మీద ముళ్లలాంటి వెంట్రుకలు, ముందు కాలితో కన్ను తుడుచుకోవడం, అన్నీ కనిపిస్తాయి. దాని మీద మన నీడ పడకుండా చూసుకుంటే చాలు, అది తన పని తాను చేసుకుంటూ పోతుంది.

ఇది చూసి ఆనందించడానికే అయితే ఇంత రాయనక్కర్లేదు. అసలు ఉపయోగం పేరు తేల్చడంలో. నీలం నలుపు చారల మగవి దూరం నుంచి అన్నీ ఒకే అచ్చు, తేడాలన్నీ మనం తోక అనుకునే పొట్ట భాగం మీదే ఉంటాయి. అది పది ఖండాలు. యూరప్ కుంటల్లో దొరికే రెండు రకాలే తీసుకోండి: ఎనలాగ్మా సయాథిజీరమ్ మగదానికి రెండో ఖండం మీద పుట్టగొడుగు ఆకారపు నల్ల మచ్చ ఉంటుంది, సీనాగ్రియన్ ప్యూయెల్లా మగదానికి అదే చోట ఇంగ్లిష్ యు లాంటి మచ్చ. ఇష్నూరా అనే ఇంకో గుంపు రకాల్లో చాలావాటికి పొట్ట చివర్లో చిన్న దీపంలా నీలం మచ్చ ఉంటుంది, అది ఎన్నో ఖండం మీద ఉందో చూడాలి. అలాంటప్పుడు చివరి నుంచి వెనక్కి లెక్కపెట్టండి, రొమ్ము దగ్గర మొదలుపెడితే మొదటి ఖండం పొట్టిగా ఉండి లెక్క తప్పుతుంది.

సీజన్ మొదట్లో ఇంకో తలనొప్పి ఉంది. అప్పుడే నీళ్లలోంచి బయటికొచ్చినవి వెలిసిపోయిన రంగులో, రెక్కలు గాజులా మెరుస్తూ ఉంటాయి, అసలు రంగు రావడానికి రోజులు పడుతుంది. ఆడవాటిలో కొన్ని మగవాటి రంగులోనే తిరుగుతాయి. వీటికి పేరు పెట్టాలని టెన్షన్ పడకండి, ప్రజాతి వరకు, అంటే ఇష్నూరా లాంటి మొదటి పేరు వరకు రాసి వదిలేస్తే ఆ రికార్డుకి వచ్చిన నష్టమేమీ లేదు. తప్పు పేరు రాస్తేనే నష్టం.

ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు చూశారు, ఈ నాలుగూ లేకపోతే అది రికార్డే కాదు. వీటికి తోడు అవి ఏం చేస్తున్నాయో కూడా రాస్తే విలువ పెరుగుతుంది. జత కట్టినప్పుడు మగది పొట్ట చివర ఉన్న కొక్కేలతో ఆడదాని మెడ భాగాన్ని పట్టుకుంటుంది, ఆ తర్వాత ఆడది మొక్క కాడలోకి గుడ్లు దించుతుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కాడకి అంటుకుని ఉండే ఎండిన పొర, నీళ్లలో పెరిగిన పిల్ల పురుగు దాన్ని విడిచే రెక్కల తూనీగ అయ్యిందంటే ఆ కుంటలోనే పెరిగిందన్నమాట. ఒడ్డు బురద తొక్కకుండా, మొక్కలు విరవకుండా ఇవన్నీ వెతకడానికి ఈ బైనాక్యులర్ బాగా పనికొస్తుంది.

ఇక లోపాలు. ఇది వాటర్‌ప్రూఫ్ కాదు, నీళ్ల పక్కనే వాడే వస్తువుకి అది పెద్ద లోటే, మెడలో తాడు లేకుండా వంగొద్దు. దగ్గర్లో ఫోకస్ లోతు చాలా పల్చన, తల మీద పెడితే తోక మసక, గాలికి పుల్ల ఊగితే ఫోకస్ చక్రం మీద నుంచి వేలు తీయలేం. 21 మిల్లీమీటర్ల లెన్సు కాబట్టి చెట్ల నీడలో, సాయంత్రాల్లో వెలుగు చాలదు, కాకపోతే ఇవి బాగా తిరిగేది ఎండలోనే కాబట్టి నాకది పట్టదు. కళ్లజోడు ఉన్నవాళ్లు కొనేముందు ఒకసారి పెట్టి చూసుకోండి. బరువు 290 గ్రాములే, పొద్దంతా మెడలో ఉన్నా తెలియదు.

ఫొటో మాత్రం దీంతో రాదు. ఐనాచురలిస్ట్ లాంటి, జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తేల్చుకునే వెబ్‌సైట్‌లో పెట్టాలంటే పక్క నుంచి ఒకటి, పై నుంచి ఒకటి కెమెరాతోనో ఫోన్‌తోనో తీయాల్సిందే. ముందు దీంతో ఏ ఖండం మీద ఏముందో చూసుకుంటే కెమెరాలో ఏది పడాలో తెలుస్తుంది, ఒకే పురుగుకి ముప్ఫై పనికిరాని ఫొటోలు తీసే బాధ తప్పుతుంది.

8.5x21 మోడల్ కూడా ఉంది, దగ్గరి ఫోకస్ రెండింటికీ ఒకటే. పెద్దగా కనబడుతుంది కదా అని దానికి పోకండి. కనిపించే మేర 7.5 డిగ్రీల నుంచి 6కి తగ్గుతుంది, చేతి వణుకు ఎక్కువ తెలుస్తుంది, పైగా ఎగిరే సన్న తూనీగని వెంటాడి పట్టుకోవడానికి 6.5 మోడలే సుఖం.