రాచ్చిప్ప: మూడు నెలలు వాడిన తరువాత

రెండు లీటర్ల రాచ్చిప్ప, అంటే పులుసులు కాచుకునే రాతి గిన్నె, మా వంటింట్లోకి వచ్చి మూడు నెలలు దాటింది. వారానికి రెండు మూడుసార్లు అందులో పులుసో, పప్పుచారో కాస్తూనే ఉన్నాను. కొనాలా వద్దా అని ఆలోచిస్తున్న వారికి ఉపయోగపడుతుందని నా అనుభవాన్ని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ముందుగా కొనుగోలు సంగతి. ఆన్‌లైన్‌లో 1,150 రూపాయలకు తెప్పించాను. మొదట వచ్చిన చిప్పకు అడుగున వెంట్రుకంత బీట ఉంది. కంటికి ఆనలేదు గానీ, వేలి కణుపుతో తట్టగానే ఖంగుమని మోగవలసినది పగిలిన కుండలా బొదబొదమంది. అమ్మినవారు ఫొటోలు అడిగి, తొమ్మిది రోజుల తరువాత వేరొకటి పంపించారు. అందువల్ల పార్సిలు విప్పిన రోజే తట్టి చూడండి. నిండా నీళ్ళు పోసి, ఒక రాత్రంతా పొడిగుడ్డ మీద ఉంచి, తెల్లారి ఆ గుడ్డ తడిసిందేమో గమనించండి.

ఇది బలపపు రాతితో తొలిచిన గిన్నె. మనం చిన్నప్పుడు పలక మీద రాసుకున్న బలపం ఏ రాయో, ఇదీ ఆ జాతి రాయే. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన కనుకనే దీన్ని గిన్నెగా తొలచడం సాధ్యమవుతుంది. బేలూరు, హళేబీడు ఆలయాలపై ఉన్న అంత సన్నని నగిషీలు కూడా ఈ తరహా మెత్తని రాతిలో చెక్కినవే. ఈ రాతికి పులుపుతో పేచీ లేదు. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో చింతపండు రసం పోస్తే చిలుమెక్కుతుంది, ఇనప మూకుడులో పోస్తే నల్లబడుతుంది. రాచ్చిప్పలో రాత్రి మిగిలిన పులుసు తెల్లారేదాకా ఉన్నా రంగు గానీ రుచి గానీ మారలేదు.

అయితే తెచ్చిన రోజే పొయ్యి మీద పెట్టడానికి వీల్లేదు. మూడు రోజులు బియ్యం కడిగిన నీళ్ళు పోసి, రోజూ మారుస్తూ నానబెట్టాను. తరువాత నాలుగు రోజులు లోపలా బయటా ఆముదం, పసుపు కలిపి రాసి ఎండలో ఉంచాను. బూడిద రంగు చిప్ప రోజురోజుకూ నూనె పీల్చుకుని నల్లబడుతుంటే, అమ్మమ్మ వంటింటి గూట్లో బోర్లించి ఉండే చిప్ప కళ్ళ ముందు కదిలింది. ఎనిమిదో రోజున వేడి గంజి పోసి, సన్నని సెగ మీద అరగంట ఉంచి, దానంతట అదే చల్లారనిచ్చాను. ఇంత ఓపిక లేనివారు కొనకపోవడమే మంచిది.

ఇక అసలు విషయం. కోనసీమలో మా అమ్మమ్మ గారింట ఆదివారాలు ముక్కల పులుసు ఉండేది. గుమ్మడికాయ, ఆనపకాయ, ములక్కాడ, చిలగడదుంప, పెద్ద బెల్లం ముక్క, చివర బియ్యప్పిండి కలిపిన నీళ్ళు, ఇంగువ పోపు. ఇవే పాళ్ళతో ఇరవై ఏళ్ళుగా నేను స్టీలు గిన్నెలో కాస్తున్నాను. ప్రతిసారీ గుమ్మడికాయ చితికిపోయేది, లేకపోతే ములక్కాడకు పులుపు పట్టేది కాదు. నా చేతిలోనే ఏదో లోపం ఉందనుకున్నాను. రాచ్చిప్పలో మొదటిసారి కాచిన రోజు అమ్మ నా పక్కనే ఉంది. ముక్కలు ఇంకా కొంచెం గట్టిగా ఉండగానే, "ఇంక కట్టేయవే, మిగతాది చిప్ప చూసుకుంటుంది" అంది. నమ్మకం లేకపోయినా కట్టేశాను. పొయ్యి ఆరిపోయాక కూడా పులుసు అంచుల వెంట కుతకుతమంటూ, నురగ మధ్యకు చేరుతూ, చాలాసేపు ఉడికింది. పావుగంట తరువాత మూత తీస్తే గుమ్మడికాయ ముక్క అంచు చెదరకుండా, గరిటె ఆనించగానే తెగేంత మెత్తగా ఉంది. కొలతలన్నీ నేర్చుకున్న నాకు ఎప్పుడు దించాలో మాత్రం తెలియలేదు. అమ్మమ్మ కుంపటి మీంచి చిప్ప దించి, మూత పెట్టి, మడి బట్ట ఆరేయడానికి వెళ్ళిపోయేది. ఆ వెళ్ళిపోవడం కూడా వంటలో భాగమేనని నాకు ఇప్పుడు అర్థమైంది.

జాగ్రత్తలు కొన్ని తప్పవు. మొదటి అయిదు నిమిషాలు సన్నని సెగ మీదే ఉంచాలి. ఖాళీ చిప్పను వేడి చేయకూడదు. పోపు విడిగా గరిటెలో వేసి కలుపుకోవాలి. ఇండక్షన్ పొయ్యి మీద ఇది పనిచేయదు. సబ్బు బదులు శనగపిండి వేసి తోముతున్నాను, జిడ్డు బాగానే పోతుంది. వేడి చిప్పలో చన్నీళ్ళు మాత్రం ఎన్నటికీ పోయకండి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు, సాయం చేద్దామని అమ్మమ్మ చిప్పలో చెంబెడు నూతి నీళ్ళు కుమ్మరించాను. టప్పుమని చీలిపోయింది. అది ఆవిడ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్న చిప్ప. నన్ను ఒక్క మాట అనలేదు. పైన నల్లగా, విరిగిన చోట తెల్లగా ఉన్న పెంకు ఒకటి తీసి, "పలక మీద రాసుకోవే" అని చేతిలో పెట్టింది. అది చక్కగా రాసింది కూడా.

బరువు ఒక లోపమే. నిండుగా ఉన్నప్పుడు ఒంటి చేత్తో దించే సాహసం చేయకండి. మణికట్టు నొప్పులున్నవారు లీటరు చిప్పతో సరిపెట్టుకోవడం మేలు. దీనితో పాటు మూత ఇవ్వరు కనుక, ఇంట్లో ఉన్న ఇత్తడి పళ్ళెం వాడుతున్నాను. చిక్కని పప్పు, కూర వంటివి ఇందులో అడుగంటుతున్నాయి. నా వరకు పులుసులకు, చారుకు, మజ్జిగ పులుసుకు తప్ప మరి దేనికీ దీన్ని వాడడం లేదు.

వెళ్ళేముందు అమ్మ తన కోసం కూడా ఒకటి తెప్పించమంది. నాన్న పోయాక ఆవిడ పులుసు కాచుకోవడమే మానేసింది. ఒక్క మనిషికి సరిపడే అరలీటరు చిప్ప వెతికి నిన్ననే ఆర్డరు పెట్టాను. వచ్చాక తట్టి చూసి, ఎనిమిది రోజులు నా దగ్గరే ఉంచుకుని, ఆముదం పట్టించాకే ఊరికి పంపిస్తాను.