పిల్లులతో విశాఖ దారి: ఒకే దమ్మున వెళ్లడమా, మధ్యలో ఆగడమా?

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. తిప్పుతుంది, నిజమే. కానీ ఎప్పుడు తిప్పాలో, ఏ అటక మీదికి చేర్చాలో తల్లిపిల్లే చూసుకుంటుంది. మనం ఇల్లు మారినప్పుడు దాన్ని ఎవరూ అడగరు. ఎలా తీసుకెళ్తే దానికి బాధ తక్కువో చూడాల్సింది మనమే.

మాకు రెండు పిల్లులు. మల్లి పెద్దది, కొత్త గొంతు వినబడితే చాలు మంచం కిందికి పోతుంది. గుండు మగపిల్లి, తలుపు సందు కనబడితే దూరిపోయే రకం. వీటితో 2021లో విశాఖపట్నం నుంచి హైదరాబాద్ వచ్చాం, 2024 వేసవిలో తిరిగి విశాఖ వెళ్లాం. రెండుసార్లూ కారులోనే, అదే దారిలో: హైదరాబాద్, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి, విజయవాడ, విశాఖల మధ్య 16. మొత్తం సుమారు 620 కిలోమీటర్లు, ఆగుతూ పోతే పన్నెండు గంటలు.

మొదటిసారి మధ్యలో ఆగాం. పన్నెండు గంటలు బుట్టలో కుక్కి ఉంచడం పాపమనిపించి, రాజమండ్రిలో ఒక లాడ్జిలో రాత్రికి గది తీసుకున్నాం. కాస్త కాళ్లు సాగదీస్తాయి, తింటాయి, హాయిగా పడుకుంటాయి అనుకున్నాం. క్యారియర్ (పిల్లుల్ని మోసుకెళ్లే మూత బుట్ట) తలుపు తీయగానే గుండు మంచం కింద పెట్టెలా ఉన్న ఖాళీలోకి దూరాడు. మల్లి గోడవారగా కాలుకాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. లిట్టర్ ట్రే (మలమూత్రాలకి ఇసుక పోసి పెట్టే పళ్లెం) పెట్టాం, ముట్టుకోలేదు. చేపముక్క పెట్టాం, వాసన కూడా చూడలేదు. ఈలోగా నీళ్ల సీసాలు తెచ్చిన కుర్రాడు తలుపు బార్లా తీశాడు. గుండు ఆ పెట్టెలో ఇరుక్కుని ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఆ మెట్ల మీదుగా హైవే మీదికి పోయేవాడు. తెల్లారి వాణ్ణి బయటికి లాగడానికి గంటన్నర పట్టింది. మంచం పరుపు ఎత్తాల్సి వచ్చింది. రెండోరోజు క్యారియర్ చూడగానే రెండూ గోళ్లు తీశాయి. మా ఆయన ముంజేతి మీద ఆ గీతలు ఇంకా ఉన్నాయి.

మనం విశ్రాంతి అనుకున్నది వాటికి మరో ఇల్లు మారడం. ఒక్కసారి పడాల్సిన బెదురు రెండుసార్లు పడ్డాయి.

రెండోసారి ఆగలేదు. మధ్యాహ్నం మూడింటికి చివరి తిండి, రాత్రి తొమ్మిదింటికి బయల్దేరాం. చౌటుప్పల్ దాటేదాకా గుండు అరుపు ఆపలేదు, విని మాకూ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. సూర్యాపేట వచ్చేసరికి నెమ్మదించాడు. క్యారియర్ల మీద పాత నూలు చీర కప్పాను, గాలి ఆడేలా ఒక పక్క వదిలి. హనుమాన్ జంక్షన్ దగ్గర గిన్నెలో నీళ్లు పెడితే రెండూ తల తిప్పుకున్నాయి. గోదావరి దాటాక మల్లి క్యారియర్‌లోనే తడిపేసింది. కారు తలుపులు, అద్దాలు అన్నీ మూసి, కింద పరిచిన ప్యాడ్ మార్చాను. ఉదయం తొమ్మిదింటికి విశాఖ. ఆ సాయంత్రానికే గుండు తిన్నాడు. మల్లి సరిగ్గా తినడానికి రెండు రోజులు పట్టింది. హైదరాబాద్ చేరినప్పుడు తనకి వారం పట్టింది.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి పన్నెండు గంటలు తిండి లేకుండా ఉండగలదు, మూత్రం ఆపుకోగలదు. దాన్ని కుంగదీసేది ఆ గంటలు కాదు, వాసన తెలియని చోటు. అందుకే దారిని కిలోమీటర్లలో కాకుండా, పిల్లికీ బయటికీ మధ్య తలుపు ఎన్నిసార్లు తెరుచుకుంటుందో లెక్కపెట్టడం నేర్చుకున్నాను. ఆగకుండా వెళ్తే రెండే: ఎక్కేటప్పుడు, దిగాక. లాడ్జిలో దిగితే ఎన్నిసార్లో లెక్కే ఉండదు.

ఆగకూడదని తేలాక, రాత్రా, తెల్లవారుజామా అన్నది మిగులుతుంది. మనవాళ్లు ఆషాఢంలో ఇల్లు మారరు, పిల్లల బడి సెలవులూ చూసుకుంటారు కాబట్టి చాలామందికి ఈ ప్రయాణం నడివేసవిలోనే పడుతుంది. మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటే ఆ దారిలో, టీ తాగేంతసేపు ఏసీ ఆపి ఎండలో కారు వదిలితే పిల్లి ప్రాణానికే ముప్పు. పిల్లి నోరు తెరిచి కుక్కలా రొప్పితే అలసట అనుకోవద్దు, వెంటనే డాక్టర్‌ దగ్గరికి పరిగెత్తాలి. అందుకని వేసవిలో రాత్రి ప్రయాణమే మేలు, నడిపేవాళ్లు ఇద్దరుంటేనే. ఒక్కరే అయితే వద్దు. రెండు దాటాక కునుకు ఎవరినీ వదలదు, హైవే పక్కన లైట్లు లేకుండా నిలిపిన లారీలు ఉంటాయి. ఒక్కరే నడిపేటట్టయితే హాయిగా నిద్రపోయి, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరి, ఏసీ నమ్మదగ్గదైతే సాయంత్రానికి చేరడం మంచిది. చలికాలంలో నేనైతే ఇదే ఎంచుకుంటాను.

రైలు మాటా ఆలోచించాం. పెంపుడు జంతువుతో మనం ఒకే చోట ఉండాలంటే ఫస్ట్ ఏసీలో కూపే (రెండు బెర్తుల గది) లేదా నాలుగు బెర్తుల క్యాబిన్ మొత్తం మనదే కావాలి, ఆ కేటాయింపు చార్టు తయారయ్యేదాకా తేలదు. ఇల్లు ఖాళీ చేసే రోజున అంత అనిశ్చితి నేను భరించలేను.

రెండు పిల్లులకి ఒక క్యారియరా, రెండా? రెండే. ఇంట్లో ఒకదాన్నొకటి నాకుతూ పడుకునేవైనా, బెదిరినప్పుడు పక్కదాని మీదే పంజా విసురుతాయి. పైనుంచి కూడా తెరుచుకునే గట్టి ప్లాస్టిక్‌ది తీసుకోండి, బెదిరిన పిల్లిని ముందు తలుపులోంచి తొయ్యడం కష్టం. లోపల నిలబడి వెనక్కి తిరగగలిగితే చాలు. నెల ముందే కొని హాల్లో తెరిచి పెట్టండి, అందులోనే అప్పుడప్పుడు తిండి పెట్టండి. కారులో పిల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటామనేవాళ్లు నాకు తెలుసు. ప్రేమతోనే అంటారు, కానీ బెదిరితే అది బ్రేకు కిందికి దూరుతుంది. టోల్ గేటు దగ్గర దించిన అద్దంలోంచి దూకుతుంది.

మందు ఇవ్వాలా వద్దా అన్నది నేను డాక్టర్‌కే వదిలాను. మల్లికి బరువు చూసి గాబాపెంటిన్ అనే బెదురు తగ్గించే మందు రాశారు, ప్రయాణానికి రెండు గంటల ముందు వెయ్యమన్నారు. అంతకు ముందు వారం ఇంట్లో ఒకసారి వేసి చూశాం, నడక కాస్త తూలింది తప్ప ఇబ్బంది లేదు. గుండుకి అవసరం లేదన్నారు. మనుషుల మందులు సొంతంగా వెయ్యొద్దు. పారాసెటమాల్ ఒక్క బిళ్ల పిల్లిని చంపగలదు.

మధ్యలో ఆగక తప్పని వాళ్లూ ఉంటారు: కిడ్నీ జబ్బున్న ముసలి పిల్లి, నాలుగు నెలల కూన. అప్పుడు లాడ్జి కంటే చుట్టాలిల్లు నయం, ఒక గదికి తాళం వేసుకోనిస్తారు. మంచం కింద పెట్టె లేని గది అడగండి. మగపిల్లి అయితే, ప్రయాణంతో కలిపి 24 గంటలు మూత్రం పోయకపోతే ఇంకో రోజు చూద్దాం అనుకోవద్దు, వెంటనే డాక్టర్‌ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఇక కొత్త ఇల్లు. పాలు పొంగించే రోజు వీధి తలుపు తెరిచే ఉంటుంది, వచ్చేపోయే జనం, హోమం పొగ. పిల్లుల్ని ఆ తర్వాత తేవడం మేలా, ముందే తెచ్చి ఒక గదిలో పెట్టడం మేలా అంటే, వీలైతే తర్వాతే. మాకు వీలు పడలేదు. వెనక గదిలో ఉతకని పాత దుప్పట్లు, ట్రే, నీళ్లు పెట్టి, వాటిని వదిలి తాళం వేశాను. తలుపు మీద 'పిల్లులున్నాయి, తియ్యకండి' అని కాగితం అంటించాను. పంతులుగారు కూడా చదివి తలూపారు. తాళం చెవి మాత్రం సాయంత్రం దాకా నా కొంగుకే కట్టుకుని తిరిగాను.