రెండు రిపోర్టుల్లో రెండు రకాల కొలెస్ట్రాల్: పాలకొల్లులో మేం వెళ్లిన ల్యాబు గురించి

ముందే చెప్పేస్తాను, పాలకొల్లులో కొలెస్ట్రాల్ పరీక్ష చేయించుకోవాలని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను పంపేది బస్టాండు వైపు ఉన్న ఆ చిన్న ల్యాబుకే. ఏసీ లేదు, కుర్చీలు చాలవు, క్యూఆర్ కోడ్ ఒక్కోసారి పనిచెయ్యదు కాబట్టి డబ్బులు చేతిలో పట్టుకెళ్లాలి, రిపోర్టు వాట్సాప్‌లో రావాలంటే సాయంత్రం దాకా ఆగాలి. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను. నాన్నగారి రెండు రిపోర్టులకీ పొంతన లేక ఇంట్లో అందరం టెన్షన్ పడుతుంటే, ఆ రెండూ పక్కపక్కన పెట్టి మాకు అర్థమయ్యేలా చెప్పింది అక్కడి డాక్టరమ్మగారే.

మొదటి రిపోర్టు హోమ్ కలెక్షన్‌ది. కంపెనీ పేరు రాయను. ఆఫర్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ ఉందని బుక్ చేశాం. వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే, నొప్పి తెలియకుండా రక్తం తీశాడు, ఆ మాట చెప్పాలి. కానీ నాన్నగారు పొద్దున్న ఏమైనా తిన్నారా అని ఒక్క మాట అడగలేదు. ముందురోజు రాత్రి నరసాపురంలో పెళ్లి భోజనం, తెల్లారి కొబ్బరి చట్నీతో దిబ్బరొట్టె, ఇదీ ఆయన సంగతి. బుకింగ్ మెసేజ్‌లో పరగడుపున ఉండాలన్న మాటే లేదు. రిపోర్టు మీద మాత్రం ఫాస్టింగ్ శాంపిల్ అని అచ్చువేసి పంపారు! నాకు కోపం వచ్చింది అక్కడే. అంకెల్లో తేడా రావడం వేరు, అడగని విషయాన్ని అడిగినట్టు రాయడం వేరు.

ఆ రిపోర్టులో మొత్తం కొలెస్ట్రాల్ 212, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 265, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్ అంటారు) 38, ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్ అంటారు) 121. తర్వాత ఈ చిన్న ల్యాబులో పరగడుపున చేయిస్తే మొత్తం 207, ట్రైగ్లిజరైడ్స్ 145, హెచ్‌డీఎల్ 40, ఎల్‌డీఎల్ 138. మొదటి దాంట్లో ట్రైగ్లిజరైడ్స్ ఎర్రక్షరాల్లో ఉంటే రెండో దాంట్లో అవి మామూలుగా ఉన్నాయి, ఎల్‌డీఎల్ వచ్చి హద్దు దాటింది. ఏది నమ్మాలి? చెడ్డ కొలెస్ట్రాల్ పెరిగిందని అమ్మ, అసలు రెండో మెషినే తప్పని బాబాయి, ఇద్దరూ గట్టిగా పట్టుబట్టారు. దానికి తోడు కువైట్‌లో ఉండే మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేసి, తనకి 5.4 వస్తేనే ఎక్కువన్నారు, మీకు రెండొందలేంటి అని కంగారు పెట్టాడు. అక్కడ మిల్లీమోల్స్‌లో ఇస్తారు, మనకి మిల్లీగ్రాముల్లో. కొలెస్ట్రాల్ అయితే 38.67తో హెచ్చవేయాలి, అంటే తన 5.4 మన లెక్కలో 209. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే! ట్రైగ్లిజరైడ్స్‌కి మాత్రం 88.57తో వేయాలి, దానికీ దీనికీ ఒకే లెక్క కట్టకూడదు. గల్ఫ్‌లో మనవాళ్లున్న ఇళ్లలో ఈ సంగతి ముందు తెలుసుకోవడం మంచిది.

ఇక ల్యాబు పని ఎలా ఉందంటే, రక్తం తీసే అమ్మాయి ముందు నాన్నగారిని కాసేపు కుదురుగా కూర్చోబెట్టింది. "బాబాయిగారూ, రాత్రి ఎన్నింటికి భోంచేశారండీ? ఈమధ్య జ్వరం ఏమైనా వచ్చిందా? థైరాయిడ్ ఉందా, ఏ మందులు వాడుతున్నారు?" అని అడిగి అన్నీ చీటీ మీద రాసుకుంది. చేతికి రబ్బరు పట్టీ కట్టి నరం దొరకగానే వదులు చేసేసింది. ఇవన్నీ ఊరికే అడగరట. పట్టీ చాలాసేపు బిగించి ఉంచితే అంకె పెరుగుతుంది. నిలబడి ఉన్నప్పటికంటే పడుకున్నప్పుడు కొలెస్ట్రాల్ తక్కువ చూపిస్తుంది. గట్టి జ్వరమో ఇన్‌ఫెక్షనో వస్తే ఎల్‌డీఎల్ కొన్ని వారాలపాటు తగ్గి కనిపిస్తుంది, అది చూసి ఆరోగ్యం బాగుపడిందనుకుంటే ప్రమాదం. థైరాయిడ్ తక్కువగా పనిచేస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది.

నేను రెండు కాగితాలూ తీసుకెళ్లి అడిగితే డాక్టరమ్మగారు విసుక్కోలేదు, రిపోర్టు వెనక్కి తిప్పి పెన్ను తీశారు. చాలా ల్యాబుల్లో ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలవరు, లెక్క కట్టి వేస్తారు అన్నారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌లో ఐదో వంతు కూడా తీసేస్తే మిగిలేదే ఎల్‌డీఎల్. 1972లో ఫ్రీడ్‌వాల్డ్ వాళ్లు ఇచ్చిన సూత్రం ఇది. నాన్నగారి మొదటి రిపోర్టుకి వేసి చూపించారు: 212లోంచి 38 పోగా 174, అందులోంచి 265లో ఐదో వంతు 53 పోతే 121. అంతే! తిండి వల్ల ట్రైగ్లిజరైడ్స్ పెరిగాయి, తీసేసే అంకె పెద్దదయ్యింది, ఎల్‌డీఎల్ దానంతటదే తగ్గినట్టు వచ్చింది. రెండో దాంట్లో తీసేసింది 29 మాత్రమే, అందుకే 138. ఒంట్లో చెడ్డ కొలెస్ట్రాల్ ఏమీ ఎగబాకలేదు. ట్రైగ్లిజరైడ్స్ 400 దాటితే ఈ లెక్క అసలు పనికిరాదట, అప్పుడు ఎల్‌డీఎల్‌ని నేరుగా కొలిపించుకోవాలి. ఒకసారి లెక్క కట్టినదీ మరోసారి నేరుగా కొలిచినదీ పోల్చుకుని కంగారు పడటం కూడా మామూలేనన్నారు. స్టాండులో ఉన్న రెండు ట్యూబులు చూపించారు, ఒకదాంట్లో సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం, లేత పసుపుగా తేటగా ఉంది, రెండోది బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. ట్రైగ్లిజరైడ్స్ బాగా పెరిగితే అలా అవుతుందట.

ఆ తర్వాత ఆవిడ చెప్పిన ముక్క ఇంట్లో అందరికీ ధైర్యాన్నిచ్చింది. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ ఒక్కటే తీసేసి చూడండి అన్నారు, నాన్ హెచ్‌డీఎల్ అంటారు దాన్ని, తిన్నా తినకపోయినా పెద్దగా మారదు. మొదటిది 174, రెండోది 167. గొడవపడుతున్నాయనుకున్న రెండు రిపోర్టులూ ఒకే మాట చెబుతున్నాయి! 212కీ 207కీ తేడా గురించి అడిగితే, అమెరికా జాతీయ కొలెస్ట్రాల్ కార్యక్రమం మొత్తం కొలెస్ట్రాల్ కొలతకి ఒప్పుకున్న తేడాయే 9 శాతం అన్నారు, అంటే 207కి పద్దెనిమిది అటూ ఇటూ. ఐదు అంకెల తేడాకి మేం రాత్రి నిద్ర మానుకున్నాం.

తిని వెళ్తే పరీక్ష పనికిరాదని కాదు. 2016లోనే యూరప్ నిపుణుల సంఘాలు మామూలు లిపిడ్ పరీక్షకి (ఈ కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ పరీక్షే) పరగడుపు తప్పనిసరి కాదన్నాయి. కానీ తిన్నారో లేదో రిపోర్టు మీద ఉన్నదున్నట్టు ఉండాలి, పోల్చుకునేటప్పుడు రెండుసార్లూ ఒకేలా చేయించుకోవాలి.

ఆ చిన్న ల్యాబు గోడకి సీఎంసీ వెల్లూరు ఆస్పత్రి వాళ్ల నాణ్యత పరీక్షలో పాల్గొంటున్నట్టు సర్టిఫికెట్ ఉంది. వాళ్లు పంపే శాంపిల్స్ ఇక్కడ పరీక్షించి ఫలితం తిరిగి పంపితే, మిగతా ల్యాబులతో పోల్చి ఎక్కడున్నారో చెబుతారు. మీ ఊళ్లో ల్యాబు ఏదైనా సరే ఇలాంటిది ఉందా అని అడగండి, అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఎన్ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉంటే మరీ మంచిది, కాకపోతే ఆ గుర్తింపు పరీక్షల వారీగా ఇస్తారు కాబట్టి లిపిడ్ ప్రొఫైల్ అందులో ఉందో లేదో చూసుకోవాలి.

ఒక్క లోటు ఏంటంటే, నాన్ హెచ్‌డీఎల్ అంకె వాళ్ల రిపోర్టులో అచ్చు వెయ్యరు, మనమే తీసివేత చేసుకోవాలి. ఆవిడకి చెప్పాను, సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడతానన్నారు. అర మార్కు తగ్గించింది అందుకే. మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది మాత్రం ఆవిడ చెప్పలేదు, అది మీ డాక్టరుగారి పని అని రెండు రిపోర్టులూ కలిపి చూపించమన్నారు. భీమవరంలో మా డాక్టరుగారు బీపీ, షుగర్, వయసు, సిగరెట్ అలవాటు అన్నీ అడిగాకే నిర్ణయం చెప్పారు.

హోమ్ కలెక్షన్ వాళ్లకి ఫోన్ చేస్తే మా మెషిన్ కరెక్టే సార్ అన్నారు. నేనూ కాదనలేదు. ఆ ఫాస్టింగ్ అన్న మాట తీసేసి రిపోర్టు మళ్లీ పంపమని మెయిల్ పెట్టాను, ఇంకా పంపలేదు. పంపేదాకా వాళ్లకి ఒక్క స్టారే.