నాన్నగారి ఆంజియోగ్రామ్: వైద్యం బాగుంది, సంతకం కాగితం బాగాలేదు

పడుకుని ఉన్నా వచ్చిపోతున్న ఛాతీ నొప్పితో 68 ఏళ్ల మా నాన్నగారిని గత నెల గుంటూరులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పెరగకపోయినా ఈసీజీలో తేడా ఉన్నందున, దీనిని అన్‌స్టేబుల్ ఆంజైనా (గుండెకు రక్తం సరిగా అందక వచ్చే, నిలకడలేని నొప్పి) అంటారని, 24 గంటలలోగా ఆంజియోగ్రామ్, అంటే గుండె రక్తనాళాల్లోకి డై అనే ద్రవం పంపి అడ్డంకులను ఎక్స్‌రేలో చూసే పరీక్ష, చేయాలని చెప్పారు.

గుండె డాక్టరుగారు మంచం పక్కన కూర్చుని చెప్పిన తీరును మెచ్చుకోకుండా ఉండలేను. లోపలికి పంపే సన్నని గొట్టం తగిలి రక్తనాళం చీలవచ్చని, రక్తపు గడ్డ కదిలి గుండెపోటో పక్షవాతమో రావచ్చని ఆయన దాచకుండా చెప్పారు. ఇటువంటి పెద్ద ప్రమాదాలు మామూలుగా 100 మందిలో ఒకరికి కూడా రావని, అయితే నొప్పి నిలకడగా లేనివారిలో ఆ భయం కొంత ఎక్కువేనని, అలాగని ఆగితే గుండెపోటు వచ్చే అవకాశం అంతకంటే పెద్దదని వివరించారు. తొడ నుంచి కాక మణికట్టు నుంచి వెళితే రక్తస్రావం తక్కువన్నారు. షుగరుతో పాటు, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ 1.6 (మామూలు కంటే ఎక్కువ) ఉన్నందువల్ల డై మూత్రపిండాలను దెబ్బతీయకుండా సెలైన్ పెట్టించారు; ఒకవేళ అవి దెబ్బతింటే ఒంట్లో పేరుకుపోతుందని షుగరు మందు మెట్‌ఫార్మిన్‌ను ఆపించారు.

లోపం అంగీకార పత్రం దగ్గర జరిగింది. స్ట్రెచర్ ఆంజియోగ్రామ్ చేసే గది (క్యాథ్ ల్యాబ్) తలుపు దాకా వచ్చాక నాలుగు పేజీల ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు. మూడో పేజీలో, గతంలో డై వల్ల దద్దుర్లు వచ్చాయా అన్న ప్రశ్న ఉంది. వచ్చాయి, సీటీ స్కాన్ నాడు ఒళ్లంతా ఎర్రగా పొంగింది. ఆనాడు పక్కనున్నది అమ్మ. అదే కాగితం ముందురోజు రాత్రి తెలుగులో ఆమె చేతికి అంది ఉంటే అప్పుడే చెప్పేది, గంటల ముందుగా మొదలుపెడితేనే బాగా పనిచేసే స్టెరాయిడ్ మందుకు వ్యవధి దొరికేది. చివరికి హడావుడిగా ఇంజెక్షన్లు ఇచ్చి, కొంతసేపు ఆగి, లోపలికి తీసుకువెళ్లారు. దేవుడి దయవల్ల దద్దుర్లు రాలేదు. రక్తనాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం, ఒక స్టెంటు, వేశారు.

తరువాతి సంరక్షణకు వంక పెట్టలేను. రక్తం ఆగేందుకు మణికట్టుకు కట్టిన పట్టీలోని గాలిని నర్సమ్మ కొంచెం కొంచెంగా తీస్తూ, ప్రతిసారీ వేళ్లు నొక్కి రంగు చూశారు. మోచేతి దాకా కమిలిన నలుపు పది రోజులలో పోయింది. మూడో రోజు క్రియాటినిన్ పెరగలేదని చూశాకే ఇంటికి పంపారు.

అత్యవసర గుండె వైద్యానికి ఈ ఆసుపత్రికి వెళ్లమనే చెబుతాను, కాని ఆ కాగితాన్ని ముందురోజే అడిగి తీసుకోండి. తెలుగు ప్రతి కావాలని మేనేజరుగారికి రాసి ఇచ్చాను. ఇంకా జవాబు రాలేదు.