రాడార్ పనికి 16 కోర్ల మెష్ బోర్డు: చాలాకాలం వాడాక నా సమీక్ష

నాలుగు అడ్డం, నాలుగు నిలువుగా 16 కోర్లు (చిన్న ప్రాసెసర్లు), పక్కవాటితో లింకులు: అదే మెష్. కోర్‌కి 32 కేబీ సొంత మెమరీ, క్యాషే (వాడే డేటాని దానంతటదే దగ్గర పెట్టుకునే మెమరీ) లేదు. ఎఫ్‌ఎంసీడబ్ల్యూ రాడార్ (ఫ్రీక్వెన్సీ మారుస్తూ ఆగకుండా తరంగం పంపేది) సిగ్నల్ ప్రాసెసింగ్‌కి ఇలాంటి బోర్డు కొన్నేళ్లుగా వాడుతున్నాను. కొనాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది గిగాఫ్లాప్స్ (సెకనుకి చేసే లెక్కలు, వందకోట్లలో) ఎన్ని అని. రాడార్‌కి ఆ అంకె చెప్పేది తక్కువ. అసలు పరీక్ష కార్నర్ టర్న్ దగ్గర, అంటే డేటా పట్టికలో అడ్డ వరసల్ని నిలువు వరసలుగా తిప్పే చోట.

ఫ్రేమ్‌కి (ఒక విడత కొలతకి) 256 చర్ప్‌లు (ఫ్రీక్వెన్సీ మారుతూ పోయే తరంగపు ముక్కలు), చర్ప్‌కి 256 శాంపిళ్లు అనుకోండి. ఐ, క్యూ (సిగ్నల్ తాలూకు రెండు భాగాలు) కలిపి శాంపిల్‌కి 4 బైట్లు, మొత్తం 256 కేబీ. పంచితే కోర్‌కి 16 కేబీ, అంటే ఉన్నదాంట్లో సగం. కోడు, స్టాకు, బఫర్లు మిగతా సగంలో సర్దాలి. రేంజ్ ఎఫ్‌ఎఫ్‌టీతో (సిగ్నల్‌ని ఫ్రీక్వెన్సీలుగా విడదీసి దూరం తేల్చే లెక్క) ఏ చిక్కూ లేదు, ఎవరి చర్ప్‌లు వాళ్ల దగ్గరే ఉంటాయి. వేగం తేల్చే డాప్లర్ ఎఫ్‌ఎఫ్‌టీకి మాత్రం ఒక రేంజ్ బిన్ (ఒక దూరపు గడి) తాలూకు 256 విలువలూ ఒకేచోట కావాలి. అవి 16 కోర్లలో చెల్లాచెదురుగా ఉంటాయి. ప్రతి కోరూ తన డేటాలో పదహారింట పదిహేను వంతులు వేరేవాటికి ఇచ్చేయాల్సిందే.

అన్ని కోర్లూ సున్నా నంబరు కోర్‌తో మొదలుపెట్టి వరసగా పంపితే దాని చుట్టూ ఉన్న లింకులు కిక్కిరిసిపోతాయి, దూరంగా ఉన్నవి ఖాళీగా పడి ఉంటాయి. నేను స్థిరపడిన పద్ధతిలో 15 అంచెలు. కోర్ నంబరుని అంచె నంబరుతో ఎక్స్‌ఓఆర్ (బిట్లు వేరుగా ఉన్నచోట 1 ఇచ్చే లెక్క) చేస్తే ఆ అంచెలో దాని జోడీ ఎవరో తెలుస్తుంది. ఇద్దరూ 16×16 శాంపిళ్ల ముక్కలు, సరిగ్గా 1 కేబీ చొప్పున, మార్చుకుంటారు. ఏ అంచెలోనూ ఏ కోర్‌కీ రెండు ముక్కలు రావు. రెండు చిన్న బఫర్లతో పని జరిగిపోతుంది. ఇంకొకటి: అవతలి కోర్ మెమరీలోకి రాయండి, దాన్నుంచి చదవకండి. చదవాలంటే అడిగింది వచ్చేదాకా కోర్ ఆగిపోతుంది. రాస్తే పంపేసి తన పని చూసుకుంటుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది నిలకడ. క్యాషే లేదు కాబట్టి ఒక ఫ్రేమ్‌కి పట్టిన సమయమే తర్వాతిదానికీ దాదాపు పడుతుంది. ఫ్రేములు ఆగకుండా వస్తూండే చోట దీని విలువ చాలా ఎక్కువ.

బీమ్‌ఫార్మింగ్ (చాలా యాంటెన్నాల సిగ్నళ్లు కలిపి ఒక దిక్కు మీద దృష్టి పెట్టడం) సంగతి వేరు. డేటా సెల్ నుంచి సెల్‌కి లయగా పారే సిస్టాలిక్ అర్రే ఆలోచన 1978లో కుంగ్, లీసర్‌సన్‌లది. బీమ్‌ఫార్మింగ్‌లో వాడే క్యూఆర్‌కి (మాత్రికని త్రికోణ రూపంలోకి తెచ్చే లెక్క) త్రికోణపు అర్రేని 1981లో జెంటిల్‌మన్, కుంగ్ చూపించారు. నాలుగు యాంటెన్నాలకి త్రికోణంలో 10 సెల్స్, రిఫరెన్స్ సిగ్నల్‌కి మరో 4. పదహారు కోర్లలో చక్కగా పడుతుంది. కానీ వర్గమూలం, భాగహారం కర్ణం మీది సెల్స్‌కే. అవి తేల్చేదాకా మిగతావి ఎదురుచూస్తూ కూర్చుంటాయి. హార్డ్‌వేర్‌లో చెక్కిన సెల్స్‌కి అందమైన డిజైనే గానీ, ప్రోగ్రామ్ నడిపే కోర్లకి నప్పదు. కోర్‌కి కొన్ని రేంజ్ గేట్లు (దూరపు గడులు) ఇచ్చి, వాటి క్యూఆర్ మొత్తం అక్కడే చేయించడం మేలు.

డీబగ్గింగ్ కష్టమే. రెండు కోర్ల మధ్య ఫ్లాగు (డేటా వచ్చిందని చెప్పే గుర్తు) డేటాకంటే ముందు చేరితే తప్పు ఎక్కడో బయటపడుతుంది. మెమరీ చిన్నది కాబట్టి ట్రేస్ (జరిగినదాని చిట్టా) పెట్టుకునే చోటూ ఉండదు.

512 చర్ప్‌ల ఫ్రేమ్ కావాలంటే ఈ బోర్డు వద్దు. కోర్‌కి 32 కేబీ డేటాకే సరిపోతుంది, ఇక చిప్ బయటి డీడీఆర్ మెమరీకి వెళ్లి రావాల్సిందే. అలాంటివాళ్లు కోర్‌కి కనీసం 64 కేబీ ఉన్నది చూసుకోండి.