మొదటి కీమో అయ్యాక సొంతూరు మేలా, అనంతపురం మేలా?

మా అమ్మకు క్యాన్సర్‌కు కీమో మొదలైనప్పటి నుంచి తెలిసినవాళ్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే మాట. "మా వాళ్లకూ మొదటిది ఎక్కించినారు. ఊరికి పిల్చకపోదామా, టౌన్‌లోనే పెట్టుకుందామా?" ఏ మందు, ఎన్ని సైకిళ్లు (విడతలు) అన్నది డాక్టర్లు చెప్తారు. ఈ సంగతి మాత్రం ఇంట్లోవాళ్లే తేల్చుకోవాల్సి వస్తుంది.

మాది ఉరవకొండ నుంచి ఇంకా లోపలికి పోవాల్సిన ఊరు. అమ్మ బెంగళూరు ఆస్పత్రిలో ఉన్నప్పుడే "ఇంటికి పిల్చకపో నాయనా" అని మొదలుపెట్టింది. ఆమె మాటలో న్యాయం ఉంది. సొంత మంచం, వేపచెట్టు నీడ, పక్కింటి జేజి వచ్చి కూర్చుంటే చాలు ఆమె ముఖం కుదుటపడుతుంది. తాలింపు వాసనకే కడుపులో తిప్పే రోజుల్లో, ఏ పూటకు ఏది సహిస్తుందో చూసి చేసిపెట్టే చేతులు ఊళ్లోనే ఎక్కువ. కానీ పలకరించేవాళ్లూ ఎక్కువే. పండ్లు పట్టుకుని, దగ్గే పిల్లలను చంకన వేసుకుని వస్తారు. గడప దగ్గర నిలబడి రావద్దని ఎవరితో అంటాం?

అయినా నేను టౌన్ వైపే మొగ్గాను. కారణం జ్వరం.

అందరూ వాంతులకు భయపడతారు. అవి మొదటి మూడు నాలుగు రోజుల సంగతి, చాలావరకు మాత్రలకు లొంగుతాయి. వాంతులు తగ్గి, మనిషి కాస్త తేరుకుని, గండం గడిచిందని మనం అనుకునేటప్పుడే అసలు జాగ్రత్త కావాలి. చాలా మందుల్లో, కీమో ఎక్కించినాక 7వ రోజు నుంచి 14వ రోజు మధ్య, ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు రక్తంలో బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకితే తెల్లారిందాకా ఆగకూడదు. డాక్టర్‌ను అడగకుండా పారాసిటమాల్ వేసి పడుకోబెట్టకూడదు, జ్వరం దిగినట్టు కనిపిస్తుంది గానీ లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది.

తొమ్మిదో రోజు రాత్రి అనంతపురంలో మా అక్క ఇంట్లో ఉన్నాం. పది దాటింది. "ఒళ్లు రవ్వంత వెచ్చగా ఉంది, పడుకుంటే పోతుందిలే" అంది అమ్మ. థర్మామీటర్ 100.8 చూపించింది. అక్క చేయి పెట్టి చూస్తే అంత వేడి కూడా తెలియలేదు. ఆటోలో పావుగంటలో ఆస్పత్రికి చేరాం. "కీమో అయి తొమ్మిది రోజులైంది" అన్న మాట ముందు చెప్పి, ఆ తర్వాతే ఫైల్ చూపించాం. రక్తం తీసుకుని, రిపోర్ట్ రాకముందే యాంటీబయాటిక్ సెలైన్‌లో ఎక్కించడం మొదలుపెట్టారు. అదే ఊళ్లో అయ్యుంటే? ఆ వేళకు బస్సు లేదు. కారున్న ఇంటికి పోయి నిద్ర లేపి, బయల్దేరి, ఎంత లేదన్నా గంటన్నర. అంతకన్నా ముఖ్యం, ఆ టైంలో అంత దూరం ఎందుకులే, పొద్దున చూద్దాం అనుకుని ఉండేవాళ్లం. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

బెంగళూరులోనే రూమ్ తీసుకోవడం ఇంకో దారి. డాక్టర్ ఉండమంటే ఉండాల్సిందే. లేకపోతే అద్దె, హోటల్ తిండి, మనవాళ్లు ఒక్కరూ పక్కన లేకపోవడం, ఇవన్నీ అమ్మలాంటివాళ్లను ఇంకా కుంగదీస్తాయి. కర్నూలువాళ్లకు మెడికల్ కాలేజీలోనే క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, అక్కడ చూపించుకునేవాళ్లకు ఇంత తంటా లేదు.

ఊరికే పోతామంటే, డిశ్చార్జ్ రోజే మూడు సంగతులు తేల్చుకోండి. రాత్రిపూట జ్వరమొస్తే ఏ ఆస్పత్రికి పోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి, రక్తపరీక్ష ఏ రోజు చేయించాలి. బండి, డ్రైవర్ ఎవరో ముందే మాట్లాడిపెట్టుకోండి. మాట ఇచ్చినవాళ్లు ఆ వారం పెళ్లికో తిరనాలకో పోకుండా చూసుకోండి.

మేం 16వ రోజు రక్తపరీక్ష బాగుందన్నాకే అమ్మను ఊరికి పిల్చకపోయాం. 21వ రోజు రెండోది. థర్మామీటర్, ఆమె దుప్పటి అక్క ఇంట్లోనే పెట్టి వచ్చాం.